ఎవరి జ్వరం

నలభై ఏళ్లు స్కూలు యూనిఫాంలు కుట్టి ఆమె ఇద్దరు కొడుకులను పెంచింది. ఇప్పుడా ఇంట్లో ఇద్దరు కోడళ్లు, రెండు వంటగదులు. ఒకరంటే ఒకరికి పడదు. ఒకే వారంలో పెద్దకోడలికి ఫ్లూ, చిన్నకోడలికి కోవిడ్ వచ్చాయి. వాళ్లింకా తేరుకోకముందే ముసలామె ఒళ్లు కాలిపోయింది, దగ్గు పట్టుకుంది.

"అత్తయ్యకు అంటించింది నువ్వే. పరీక్షకు నువ్వే తీసుకెళ్లు" అంది పెద్దకోడలు.

"నీ తుమ్ములకు ఇల్లంతా దద్దరిల్లింది. అది నీ ఫ్లూనే. నాకేం పట్టింది?" అంది చిన్నది.

కొడుకులు పెళ్లాల మొహాలు చూసి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. మూడోనాడు ఆయాసం మొదలవడంతో ఆమె గోడ పట్టుకుని లేచి, ఒక్కతే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లింది. పరీక్షలో ఫ్లూ, కోవిడ్ రెండూ ఉన్నాయని తేలింది.

"రెండూ ఒకేసారి వస్తాయా?"

"ఎందుకు రావు? మీ వయసులో జ్వరం, దగ్గు మొదలైన రోజే పరీక్షకు రావాలి. మందు తొందరగా పడితేనే బాగా పనిచేస్తుంది. ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని డాక్టరమ్మ కసిరింది.

"నా జ్వరం ఎవరిదో తేలలేదమ్మా."

తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడింది. ఇంటికి రాగానే కోడళ్లిద్దరూ చెరో గ్లాసు పాలు పట్టుకొచ్చారు.

"మీరిద్దరూ ఇచ్చింది చాలు" అని ఆమె తలుపేసుకుంది. ఆ రోజు నుంచి తన వంట తనే వండుకుంది. కొడుకులు ఎంత బతిమాలినా మెత్తబడలేదు.