చెల్లి బండి మీద నేనన్న మాట

మా చెల్లి మా ఇంటికి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ నేను తలనొప్పి అని చెప్పి పడుకుంటాను. ఇంట్లో అందరూ నమ్ముతారు. మా ఆయన గోళీలు తెప్పిస్తాడు. నేను వేసుకుంటాను కూడా. కానీ అది తలనొప్పి కాదు. ఏళ్ళుగా లోపల పెట్టుకుని మోస్తున్న ఒక మాట. చెల్లి "పోయొస్త అక్కా" అంటూ చెప్పులు తొడుక్కునేటప్పుడు అది గొంతు దాకా వస్తుంది. ఆమె గేటు దాటగానే మళ్ళీ కిందికి దిగిపోతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఇందులో పేర్లు కూడా మార్చి రాస్తున్నాను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పుకోవలసిన మనిషి ముందు మాత్రం నోరు రాలేదు.

మాది కామారెడ్డి. మా ఆయనకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. రెండంతస్తుల ఇల్లు, కింద గ్రానైట్, పైన రెండు గదులకు ఏసీలు. చెల్లి సుజాతను ఎల్లారెడ్డిలో ఇచ్చారు. ఆమె భర్త నర్సింలు స్కూలు బస్సు డ్రైవరు. వాళ్ళది రేకుల ఇల్లు. పండగకో ఫంక్షన్‌కో చెల్లి వస్తే నేను నాలుగైదుసార్లు కట్టిన చీరలు తీసి ఇచ్చేదాన్ని. ఆమె మొహమాటం లేకుండా తీసుకుని, కట్టుకుని చూపించి మురిసిపోయేది. నాకు చెల్లి మీద ప్రేమ లేదా? ఉంది. అయితే ఆ చీరలు ఇచ్చేటప్పుడు నాలో ఉన్నది ప్రేమ ఒక్కటేనా? ఆమె నాకన్నా ఒక మెట్టు కింద ఉండటం నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, అది అలవాటని కూడా నాకు తెలియదు. ఆమె ఆ మెట్టు దిగి ఇంకెటో వెళ్ళిపోయినప్పుడు తెలిసింది.

నర్సింలు ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. ఎవరి దగ్గరో పెళ్ళిళ్ళకు తిరిగి తిరిగి మూలకు పడ్డ బండి. కిరాయికి తిప్పుకుంటాడేమో అనుకున్నాము. అతను సీట్లన్నీ ఊడబీకాడు. ఫోన్‌లో ఎక్కడెక్కడివాళ్ళో బండ్లలో కాపురం చేసే వీడియోలు చూసి, సెలవుల్లో తనే రేకు కోసి, చెక్క కోసి, వెనుక మంచం బిగించాడు. మంచం కింద సామాను అర. పక్కన చిన్న గ్యాస్ పొయ్యి, పైన నీళ్ళ ట్యాంకు, కిటికీలకు దోమల జాలీ. చెల్లి పూల గుడ్డతో పరదాలు కుట్టింది. వాళ్ళ వాడకట్టులో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళు. శనివారం స్కూలు అయిపోగానే ఇద్దరూ ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. లాడ్జి లేదు, చుట్టాల ఇల్లు లేదు. చెరువు గట్టు, అడివి అంచు, మంజీర ఒడ్డు. ఎక్కడ మనసైతే అక్కడ ఆపడం, వండుకోవడం, పడుకోవడం, పొద్దున్నే లేచి చోటు ఊడ్చి రావడం.

మొదట్లో నేను నవ్వాను. మా ఆయన నాకన్నా ఎక్కువ నవ్వాడు. "ఇల్లు పెట్టుకోని రోడ్ల పొంటి పండుడేంది? సంచారపోల్ల లెక్క" అన్నాడు. ఆ మాట నేను నలుగురికీ చెప్పి నవ్వించాను.

ఒకసారి మా ఆయన సరుకుకు హైదరాబాద్ వెళ్తే, చెల్లి ఫోన్ చేసి రమ్మని పట్టుబట్టింది. వెళ్ళాను. పోచారం చెరువు దగ్గర, జనం రాని ఒక పక్కన బండి ఆపారు. అక్కాచెల్లెళ్ళం లోపల పడుకున్నాము. నర్సింలు బయట మడత మంచం వేసుకున్నాడు.

తెల్లవారి నాకు మెలకువ వచ్చేసరికి ఎండ పరదా మీద పడుతోంది. పెళ్ళయ్యాక నేను సూర్యుడి కన్నా ఆలస్యంగా లేవడం అదే మొదలు. పక్కన చెల్లి లేదు. బండి వెనుక తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, నా కాళ్ళ దగ్గర నుంచే నీళ్ళు మొదలైనట్టుంది. మంచం మీద నుంచి లేవకుండా అంత చెరువు చూశాను. ఎవరూ నీళ్ళు తెమ్మనలేదు. పాలవాడు బెల్లు కొట్టలేదు. ఏదో తెల్ల పిట్ట నీళ్ళ మీద కాలు ఎత్తి, దించాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది. నేను అలాగే ఎంతసేపు పడుకున్నానో. ఒళ్ళంతా తేలికైపోయింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ సుఖం ఏమిటో తెలియక నేను ఆ పని చేయలేదు. తెలిసే చేశాను.

తల తిప్పితే వాళ్ళిద్దరూ కనిపించారు. చెల్లి జుట్టు దువ్వుకోలేదు. దుప్పటి కప్పుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. నర్సింలు చాయ్ చేసి గ్లాసు ఆమె చేతికి ఇచ్చాడు. ఇచ్చి, వెంటనే వెళ్ళిపోలేదు. పక్కన కింద కూర్చున్నాడు. ఆ పిట్ట పేరేమిటని ఇద్దరూ వాదులాడుకుంటున్నారు, ఇద్దరికీ తెలియదు, తెలియనందుకు నవ్వుకుంటున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒక మగవాడికి పెళ్ళాంతో మాట్లాడటానికి పిట్ట ఒక్కటి చాలా? మా ఇంట్లో మా ఆయన నాతో మాట్లాడేది అన్నం గురించి, దుకాణం తాళం గురించి.

అప్పుడు నాకు ఆ బండి కావాలనిపించలేదు. వాళ్ళకు అది లేకుండా పోతే బాగుండుననిపించింది. అనిపించిన వెంటనే సిగ్గుపడ్డాను. లేచి వెళ్ళి వాళ్ళతో నవ్వుతూ చాయ్ తాగాను.

ఇంటికి వచ్చాక చెల్లి మళ్ళీ పిలుస్తుందని ఎదురుచూశాను. పిలవలేదు. పెద్దింటి కోడలు, మాటిమాటికీ రావడం కుదరదని అనుకుందేమో. బదులుగా పక్కింటి సాయవ్వను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. సాయవ్వ బీడీలు చుడుతుంది. చాట ఒళ్ళో పెట్టుకుని బండిలో కూడా చుట్టేదట. "సాయవ్వక్క జొన్నరొట్టెలు చేసింది అక్కా, చెరువు గాలికి ఎంత మంచిగున్నయో" అని చెల్లి ఫోన్‌లో చెప్పింది. సాయవ్వక్క. ఆ 'అక్క' నా చెవిలో ముల్లులా దిగింది. నా చెల్లికి నేను కాక ఇంకో అక్క ఏమిటి? రొట్టె చేసి పెడితే అక్క అయిపోతారా? ఇంత చిన్న సంగతికి ఇంత కోపమా అని మీకనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా ఆ రోజు నేను అన్నం తినలేదు.

కొన్నాళ్ళకు గాంధారిలో మా వైపు చుట్టాల పిల్లవాడి పుట్టువెంట్రుకల ఫంక్షన్ జరిగింది. భోజనాల బంతిలో నా పక్కన ఒకామె కూర్చుంది. వరసకు అత్తమ్మ అవుతుంది. ఆమెది అక్కడికి దగ్గరలోనే గుట్ట కింద పల్లె. ఊరి పేరు రాయను, తప్పు ఆ ఊరిది కాదు. ఆ రోజుల్లో పాత గుళ్ళ దగ్గరా గుట్టల మీదా గుప్తనిధుల కోసం దొంగతనంగా తవ్వుతున్నారని ఎక్కడ చూసినా అదే ముచ్చట. ఊళ్ళవాళ్ళు కొత్త మనిషి కనబడితే అనుమానంగా చూస్తున్నారు. అది నాకు తెలుసు. బాగా తెలుసు.

అత్తమ్మ అడిగింది. "మీ చెల్లె మొగనిది బండి ఉన్నదట గద? మొన్న మా గుట్ట కాడ నిల్సున్నది. ఏం పనే వాళ్ళకు గాడ?"

ఊరికే ఉంటారు అత్తమ్మా, వాళ్ళకదో సంతోషం. ఇంతే నేను చెప్పవలసింది. ఎన్నిసార్లు మనసులో ఆ జవాబు చెప్పుకున్నానో.

నేను అన్నది ఇది. "ఏమో అత్తమ్మా. గుట్టల పొంటి, పాత గుళ్ళ పొంటే తిరుగుతరు. ఏం దేవులాడుతరో, ఏం తవ్వుతరో, నాకు జెప్తరా?"

ఆమె చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. "తవ్వుతరా?"

నోరు జారింది అని ఇన్నాళ్ళూ నన్ను నేను ఊరడించుకోవడానికి చూశాను. కానీ నోరు జారినవాళ్ళు తరువాత మాట అలా అనరు. నేను ఆమె వైపు వంగి, మెల్లగా, "నేనన్ననని ఎవ్వలతోని అనకు" అన్నాను.

ఆ తరువాత పెరుగన్నం కలుపుకుని తిన్నాను.

మళ్ళీ శనివారం కాదు, ఆ పై శనివారం. పొద్దు గూకే వేళకు వాళ్ళు ఆ గుట్ట దగ్గరే బండి ఆపారు. చెల్లి పొయ్యి మీద అన్నం పెట్టింది. ఊరి జనం కర్రలు పట్టుకుని చుట్టుముట్టారు. బండి వెతికితే గడ్డపార దొరికింది. చక్రం బురదలో దిగబడితే తవ్వుకోవడానికి పెట్టుకున్న గడ్డపార. అది చాలింది వాళ్ళకు. అద్దాలు పగలగొట్టారు. అడ్డం వచ్చిన నర్సింలు ఎడమ మణికట్టు విరిగింది. చెల్లిని జుట్టు పట్టి కింద కూర్చోబెట్టారు. పోలీసులు వచ్చి, అంతా చూసి, ఏమీ లేదని తేల్చి పంపేదాకా ఆమె ఆ మట్టిలోనే కూర్చుంది. కుండలో అన్నం మాడి వాసన వస్తున్నా లేచి పొయ్యి ఆర్పనివ్వలేదట. ఆ సంగతి చెల్లి చాలాసార్లు చెప్పింది. కొట్టినదాని కన్నా అదే ఎక్కువసార్లు చెప్పింది.

మరునాడు కామారెడ్డిలో ఆసుపత్రికి వెళ్ళాను. లోపల నర్సింలుకు కట్టు వేస్తున్నారు. చెల్లి బయట బల్ల మీద కూర్చుని ఉంది, చెంప వాచి ఉంది. నన్ను చూడగానే పట్టుకుని ఏడ్చింది. నాకు మొదట కలిగింది జాలి కాదు. ఇంత దూరం వచ్చాక మీ దగ్గర దాచను. ఇక వీళ్ళు ఎక్కడికీ పోరు అన్న నిమ్మళం కలిగింది. ఒక్క క్షణమే. ఆ క్షణమే నేనేమిటో నాకు చెప్పింది.

చెల్లి అడిగింది. "మీ సొంతపోల్లే చెప్పిండ్రు మీరు తవ్వుతరని, అన్నరక్కా ఆ ఊరోల్లు. మా సొంతపోల్లు ఎవ్వలుంటరే? గుట్ట కాడికి పోతున్నమని సాయవ్వక్కకు తప్ప ఎవ్వలకు చెప్పలే."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె తల నా భుజం మీదే ఉంది. నేను చెయ్యితో ఆమె వీపు నిమురుతున్నాను. నిమురుతూనే అన్నాను. "ఆమె నోరు మంచిది కాదే. నేను ముందే అనుకున్న. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే."

మొదటి మాట అసూయతో అన్నాను. మరి ఈ రెండో మాట? భయంతో అనుకుంటే సులువు. కానీ సాయవ్వ పేరు నా నోట్లో ఎంత తియ్యగా పలికిందో నాకు గుర్తుంది.

సాయవ్వ చెల్లి గుమ్మం ముందు నిలబడి పిల్లల మీద ఒట్టు పెట్టుకుని ఏడ్చిందట. చెల్లి తలుపు తీయలేదు. వాడకట్టు కూడా ఆమెను అదోలా చూసింది. కొన్నాళ్ళకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి బీర్కూర్‌కు, ఆమె తల్లిగారి ఊరికి వెళ్ళిపోయారు. బండిని ఎవరో టిఫిన్ సెంటర్ పెట్టుకునేవాడు కొనుక్కున్నాడు. నర్సింలు మణికట్టు సరిగ్గా అతకలేదు. బస్సు మానేసి రైసుమిల్లులో పనికి కుదిరాడు. చెల్లి పగటిపూట కూడా లోపల గొళ్ళెం పెట్టుకుంటుంది.

ఇన్నేళ్ళ తరువాత, మొన్న ఎండాకాలంలో, కామారెడ్డి బస్టాండులో సాయవ్వ కనిపించింది. నేను తల తిప్పుకున్నాను. ఆమే దగ్గరకు వచ్చింది. "మంచిగున్నరా అక్కా? సుజాత మంచిగున్నదా?" అని అడిగింది. ఉందన్నాను. ఆమె బస్సు వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "నేనన్లేదని ఆమెకు జర చెప్పుండ్రి అక్కా. మీ మాటయితే ఇంటది."

"చెప్త" అన్నాను.

నిజంగానే చెప్పాలని మరునాడే ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. వెళ్ళేసరికి వాకిట్లో చెల్లీ నర్సింలూ ఉతికిన దుప్పటి పిండుతున్నారు. అతని ఎడమ చెయ్యి తిరగదు. అందుకని ఒక కొస కుడిచేతికి చుట్టుకుని అతను కదలకుండా నిలబడితే, చెల్లి రెండో కొస పట్టుకుని మెలిపెడుతోంది. నీళ్ళు అతని మొహం మీద చిమ్మాయి. ఇద్దరూ నవ్వారు. నా లోపల మళ్ళీ అదే మంట. బండి పోయింది, చెయ్యి పోయింది, నిద్ర పోయింది. అయినా వాళ్ళ దగ్గర నాకు లేనిది అలాగే ఉంది. దాన్ని చూసి ఇంకా ఓర్వలేని నేను ఏ మొహంతో తప్పు ఒప్పుకోను?

చెల్లి నన్ను కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. సాయవ్వ కలిసిందని మొదలుపెట్టాను. ఆమె మొహం గట్టిపడింది. "ఆమె పేరెత్తకు అక్కా. అప్పుడు నువ్వు లేకుంటే నేనేమైపోదునో" అంది. నేను నీళ్ళు తాగి, బస్సు వేళయిందని లేచాను.

చెబితే చెల్లి నన్ను క్షమించదు. క్షమించకూడదు కూడా. చెప్పకపోతే బీర్కూర్‌లో ఒక మనిషి నా మాట కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఏది చేస్తానో నాకే తెలియదు, మీకు మాటివ్వలేను. ఇవాళ ఇంతవరకే నాకు చేతనైంది.

ఆ మాట అన్నది సాయవ్వ కాదు. నేను. మా చెల్లికి తోడబుట్టినదాన్ని, నేనన్నాను.

రాశాక పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. నా గొంతుతో ఆ మాట నేను వినడం ఇదే మొదలు. ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం కొంచెం లోతుగా ఆడుతోంది.