తాళం వేసిన ఇళ్లు తాగిన నీళ్లు

"మళ్లీ ఇల్లు మారాల్సొస్తే మా పాపకి నడక రాదేమోనని భయంగా ఉందండీ."

అన్నది ఒక తండ్రి. విన్నది ఒక వీపు. మెట్ల కింద గూట్లో సగం దూరి, మోకాళ్ల మీద కూర్చుని, మీటరు అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్న వీపు. ఆ వీపు తాలూకు ముఖాన్ని అతను అప్పటికింకా చూడలేదు. చంకలో పదకొండు నెలల పిల్ల, జేబులో ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు. గుండె నిండిపోయినప్పుడు ఎవరితో అంటున్నామన్న విచక్షణ ఉండదు. ఎదురుగా వీపు ఉంటే వీపుతోనే అనేస్తాం.

వీపు కదల్లేదు. గూట్లోంచి గొంతు మాత్రం వచ్చింది.

"పుట్టాక ఎన్నిళ్లు మారింది?"

"ఇది మూడోది. ఒక గోడ పట్టుకుని నిలబడటం అలవాటయ్యేసరికి ఆ గోడ మారిపోతోంది."

"నేను ఈ ఊళ్లో తొమ్మిదిళ్లు మారాను నాయనా. నడకకేం లోటు రాలేదు, మోకాళ్లే పోయాయి. కాస్త ఆ టార్చి ఇలా అందుకో."

మీటరు పిన్నితో పరిచయం అలా మొదలైంది.

ఆవిడకి అసలు పేరొకటి ఉంది. అది జీతం కాగితంలోనే ఉంటుంది, వీధుల్లో ఎవరికీ దానితో పనిపడలేదు. నీళ్ల శాఖలో ఇరవై మూడేళ్లుగా కాంట్రాక్టు మీద మీటర్లు చదువుతోంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా పర్మనెంటు చేస్తామంటారు. ఎన్నికలు దాటాక ఇంకో ఏడాదికి పొడిగిస్తారు. "ఆ మాట ఒక్కటే పర్మనెంటు," అనేది. భుజాన గుడ్డసంచి, అందులో టార్చి, తుడుపు గుడ్డ, నేలలో మీటరు మూతలు ఎత్తడానికి కొన వంచిన ఇనప చువ్వ. మెడలో శాఖవాళ్లిచ్చిన మెషిను. ఏ ఇంట్లో కొళాయి కారుతోందో, ఏ ఇంట్లో చుట్టాలు దిగారో, ఏ ఇంట్లో ఆలుమగలు విడిపోయారో ఆవిడకి ముందు అంకె చెప్పేది, ఆ తర్వాతే ఊరు చెప్పేది. భర్త పోయాక ఒక మోటార్ల షెడ్డు మీది ఒంటిగదిలో అద్దెకుంటోంది. ఈ ఊళ్లో తనకి తెలియని ఇల్లు లేదని, తనదనే ఇల్లు కూడా లేదని నవ్వుతూనే చెప్పేది.

పాప తండ్రి రసాయనశాస్త్రం చదివి, రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో నమూనాలు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. పాపకి ఒళ్లు కాస్త వెచ్చబడితే గంటకోసారి కొలిచి పుస్తకంలో రాస్తాడు. పాలసీసా గడియారం చూసుకుని పన్నెండు నిమిషాలు మరిగిస్తాడు. "నీకు భయం ఇచ్చినవాడు దాన్ని కొలుచుకోమని చదువు కూడా ఇచ్చాడు," అని పాప తల్లి వేళాకోళం. ఆమె ఒక మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తుంది. ఇద్దరి జీతాలూ కలిస్తేగాని ఆ రెండు గదులు దక్కలేదు.

వాళ్లుండే భవనంలో నాలుగంతస్తులు, పదహారు ఫ్లాట్లు. ఇల్లు కొని పెట్టుకుంటే పన్ను తగ్గిస్తామని రెండేళ్ల కింద ప్రభుత్వం ప్రకటించింది. చేతిలో డబ్బున్నవాళ్లు ఇళ్లు కొన్నారు, తాళాలు వేశారు, ధర పెరిగేదాకా కూర్చున్నారు. అద్దెకి ఇస్తే మనిషి ఉంటాడు, మనిషి ఉంటే అమ్ముకోవడం కష్టం. అందుకని ఊళ్లో ఇళ్లు పెరిగిన కొద్దీ ఉండటానికి ఇల్లు కరువైంది. ఈ భవనం మొత్తం ఒకే యజమానిది. పదకొండు ఫ్లాట్లకి అప్పటికే తాళాలు పడ్డాయి. అయిదు కుటుంబాలు మిగిలాయి. ప్రహరీ గోడకి మాత్రం "ప్రతి కుటుంబానికీ నీడ" అని అధికార పార్టీ పోస్టరు అతికించి ఉంది. పిన్ని దాన్ని చూసి, నీడ నిజమేనని, సాయంత్రం నాలుగు దాటితే గోడ నీడ రోడ్డు దాకా పడుతుందని అంది.

పాప తండ్రికి దొరికిన ఆశ ఒక్కటే. అద్దెల చట్టంలో ఒక నిబంధన ఉంది: నోటీసులో రాసినట్టు సొంత అవసరానికి ఇల్లు కావాలని యజమాని అడిగినా, అదే భవనంలో అతనికి వేరే ఖాళీ ఫ్లాటు ఉంటే ఉన్నవాళ్లని లేపకూడదు. పదకొండు తాళాలు కళ్లముందు వేలాడుతుంటే ఇంక భయం దేనికనుకుని, పాపని ఎత్తుకుని అద్దెల అధికారి దగ్గరికి విచారణకి వెళ్లాడు.

అక్కడ యజమాని తరఫు మేనేజరు ఒక కట్ట కాగితాలు బల్ల మీద పెట్టాడు. పదకొండు ఫ్లాట్ల నీళ్ల బిల్లులు. నెలనెలా నీళ్లు వాడారు, నెలనెలా కట్టారు. మనుషులు లేని ఇంట్లో నీళ్లు ఎవరు తాగుతారు సార్ అన్నాడు. అధికారి కాగితాలు తిరగేసి, పాప తండ్రి వంక చూశాడు. తాళాలు నేను రోజూ చూస్తున్నానండీ అని మాత్రం అతను అనగలిగాడు. తాళం మాటకంటే కాగితం మాట బరువు. పదిహేను రోజుల్లో రుజువు తెమ్మని వాయిదా వేశారు.

నకళ్లు పట్టుకుని ఇంటికొచ్చి, పాప నిద్రపోయాక వాటిని నేలమీద పరిచాడు. కాసేపటికి అతని వెన్ను నిటారైంది. ప్రతి బిల్లులోనూ పద్నాలుగు యూనిట్లే. ఏ ఫ్లాటు చూసినా పద్నాలుగే, ఏ నెల చూసినా పద్నాలుగే. ల్యాబులో ఒకే డబ్బాలోంచి రెండు చెంచాల రంగు తీసి తూచినా ఎక్కడో ఒక పిసరు తేడా వస్తుంది. పదకొండు కుటుంబాలు ఏడాదంతా చుక్క తేడా లేకుండా నీళ్లు వాడటం ఈ సృష్టిలో జరగదు.

మర్నాడు పిన్ని కోసం రెండు వీధులు వెతికాడు. ఒక బేకరీ వెనక ఇనప చువ్వతో మూత లేపుతూ దొరికింది. బిల్లులు చూపించాడు. ఆవిడ ముందు నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

విషయం ఇది. మెట్ల కింద ఉండేది భవనం మొత్తానికి పెద్ద మీటరు. ఒక్కొక్క ఫ్లాటు మీటరు ఆ ఫ్లాటు లోపల, వంటగది వెనక ఉంటుంది. తలుపు తీస్తేగాని చదవలేరు. ఎవరూ తీయకపోతే మెషిన్లో రెండు మీటలున్నాయి: "తాళం" అనొకటి, "ఖాళీ" అనొకటి. "తాళం" నొక్కితే ఇంటివాళ్లు బయటికెళ్లారని అర్థం, మెషిను తనంతట తనే వార్డు సగటు పద్నాలుగు వేసేస్తుంది. "ఖాళీ" నొక్కితే సున్నా పడుతుంది. అయితే దానికొక ఫారం నింపాలి, సూపర్‌వైజరు సంతకం పెట్టాలి, శాఖ ఆదాయం ఎందుకు తగ్గిందని పై అధికారి అతన్ని నిలదీస్తాడు. అందుకని కొత్తగా చేరిన రీడరుకి మొదటి రోజే చెబుతారు, రెండో మీట జోలికి పోవద్దని. ఊళ్లో రీడర్లందరూ అంతే, తలుపు తీయకపోతే "తాళం" నొక్కి పక్క తలుపుకి పోతారు.

"ఆ పద్నాలుగు నా వేలు రాసిందే," అంది పిన్ని. "మనుషుల్లేని ఇళ్లలో నేనే సంసారాలు పెట్టాను. ఇప్పుడు ఆ సంసారాలు నిన్ను రోడ్డున పడేస్తున్నాయి."

పాప తండ్రికి మాత్రం ఇంకో సంగతి తట్టింది. పెద్ద మీటరు ఎంత చూపిస్తోందని అడిగాడు. పిన్ని మెషిను చూసి చెప్పింది, పోయిన నెల డెబ్బై మూడు. ఉంటున్న అయిదు ఫ్లాట్లతో కలిపి పదహారు బిల్లులూ కూడితే రెండు వందల ఇరవై మూడు. లోపలికి రాని నీళ్లు నూట యాభై యూనిట్లు ఆ భవనంలో ఖర్చయిపోయాయి. వచ్చిన దానికంటే పోయింది ఎక్కువ కావడం చదువుకున్నవాడెవడూ ఒప్పుకోని మాట. మరి ఇన్నేళ్లూ ఎవరికీ కనబడలేదా అని అతను అడిగితే, పెద్ద మీటర్లు లీకేజీలు చూసే గదికి పోతాయని, ఇంటి మీటర్లు బిల్లులు చేసే గదికి పోతాయని, ఆ రెండు గదులవాళ్లు టీ దగ్గర తప్ప కలవరని చెప్పింది.

ఈ పద్నాలుగులు అంతటితో ఆగలేదు. నీళ్ల బిల్లుల లెక్క ప్రకారం ఊళ్లో నూటికి తొంభై ఏడు ఇళ్లలో జనం కాపురముంటున్నారని, ఇళ్ల కరువన్నది ప్రతిపక్షం పుట్టించిన పుకారని అధికార పార్టీ అభ్యర్థి మైకులో చెబుతున్నాడు. ఆ తొంభై ఏడు ఎక్కడిదో పిన్నికి ఆ రోజు బేకరీ వెనక అర్థమైంది. చువ్వ సంచిలో పెట్టుకుని, మెషిను చేతిలోకి తీసుకుంది. పాప తండ్రి భయపడి, తన కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దన్నాడు. కాంట్రాక్టు పొడిగింపు ఇంకో నెలలో ఉందని అతనికి తెలుసు.

"నీ కోసం ఎవరు చేస్తున్నారు?" అంది ఆవిడ. "నేను తప్పు రాశాను. దిద్దుకుంటాను. నడుమ నువ్వెవరివి?"

ఆ నెల మీటరు పిన్ని తన వార్డులో నాలుగు వందల పన్నెండు తలుపుల ముందు నిలబడి "ఖాళీ" నొక్కింది. ప్రతి తలుపూ మూడుసార్లు కొట్టింది, పక్కింటివాళ్లని అడిగింది, ఫారం నింపింది. ఫారాలు చాలకపోతే పాప తండ్రి తన ల్యాబు పక్క దుకాణంలో నకళ్లు తీయించి ఇచ్చాడు. మూడో రోజుకే సూపర్‌వైజరు పిలిపించాడు. ఇరవై మూడేళ్లు లేని ఖాళీ ఇప్పుడెక్కడినుంచి ఊడిపడిందని, ఎన్నికల ముందు ఈ పనులేంటని, పొడిగింపు కాగితం తన బల్ల మీదే ఉందని గుర్తుచేశాడు. అతను చెడ్డవాడేం కాదు, అతని నెత్తిన ఇంకొకడున్నాడు.

"ఇరవై మూడేళ్లు తలుపులు కొట్టాను బాబూ," అంది పిన్ని. "లోపల ఎవరూ లేరని ఇప్పటికి తెలిసింది. నాకు బుర్ర కాస్త ఆలస్యం."

ఫారాలు బల్ల మీద పెట్టి వచ్చేసింది. సంతకం పెట్టడమా మానడమా అన్నది అతని తలనొప్పి. అందినట్టు ముద్ర మాత్రం ఒక నకలు మీద వేయించుకుంది.

విచారణకి నాలుగు రోజుల ముందు, ఆదివారం పొద్దున, అభ్యర్థి ఓట్లడగడానికి ఆ వీధికొచ్చాడు. వెనక ముప్పై మంది, ముందు డప్పు. గేటు దగ్గర నిలబడి అయిదు కుటుంబాలకీ నమస్కారం పెట్టాడు. పాప బుగ్గ గిల్లాడు. పాప తండ్రి చేతిలో నోటీసు ఉంది. చూపిద్దామనుకుని, అంతమందిని చూసి వెనక్కి తగ్గాడు. అభ్యర్థి తొంభై ఏడు మాట మొదలుపెట్టేలోగా మెట్ల కింది గూట్లోంచి పిన్ని బయటికొచ్చింది. ఆ నెల పెద్ద మీటరు రెండోసారి చదువుకోవడానికి వచ్చిందట. ముఖాన బూజు, చేతిలో ఇనప చువ్వ.

ఇక్కడ పదహారు గడపలున్నాయని, అయిదే దిగివచ్చాయని, మిగతా పదకొండు గడపల ఓటర్లు పైనే ఉండి ఉంటారని, పైకి వెళ్లి అడిగితే బాగుంటుందని ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. అంతమంది ముందు కాదనలేక అభ్యర్థి మెట్లెక్కాడు. లిఫ్టు లేదు. పిన్ని మోకాలి మీద చెయ్యేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ ముందు నడిచింది. తాళం ఉన్న ప్రతి తలుపు దగ్గరా ఆగి, కొట్టమంది. అతను కొట్టాడు. ఎవరూ పలకలేదు. గట్టిగా కొట్టమంది, లోపల స్నానం చేస్తున్నారేమో, పద్నాలుగు యూనిట్లు వాడేవాళ్లు కదా అంది. రెండో అంతస్తులో అతని వెనకున్నవాళ్లలోనే ఎవరో నవ్వారు. మూడో అంతస్తుకి డప్పు ఆగిపోయింది. నాలుగో అంతస్తులో పదకొండో తలుపు ముందు అభ్యర్థి చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. వెనకొచ్చిన ముప్పై మందిలో పాతికమంది అద్దె ఇళ్లవాళ్లే. ఆ తలుపుల్ని అతనికంటే వాళ్లే ఎక్కువసేపు చూశారు.

"లెక్క అధికారులిచ్చింది తల్లీ," అన్నాడు అతను ఆయాసంతో. "నాకేం తెలుస్తుంది?"

"లెక్క నేనిచ్చిందే బాబూ," అంది పిన్ని. "తప్పిచ్చాను. ఇప్పుడు ఒప్పు ఇదిగో. కిందికెళ్లి మైకులో ఇది చెప్పండి."

చెప్పలేదనుకోండి. కానీ ఆ ఊళ్లో తొంభై ఏడు అన్న మాట ఆ తర్వాత మైకులో వినబడలేదు.

విచారణలో పాప తండ్రి ఈసారి కాగితంతోనే మాట్లాడాడు. డెబ్బై మూడు, రెండు వందల ఇరవై మూడు, ఈ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి అధికారి ముందు పెట్టాడు. పక్కన మీటరు పిన్ని నిలబడి, పద్నాలుగు ఎలా పుట్టిందో, ఎవరి వేలితో పుట్టిందో వాంగ్మూలం రాయించి సంతకం చేసింది. మేనేజరు కొత్త కాగితాల కోసం సంచి వెతుక్కున్నాడు. మరో వాయిదా తర్వాత నోటీసు కొట్టేశారు. ఆ కుటుంబం అక్కడే ఉంది.

పిన్నికి పొడిగింపు రాలేదు. అయితే తర్వాతి నెలలో పక్క వార్డుల రీడర్లు ముగ్గురు "ఖాళీ" మీట నొక్కడం మొదలుపెట్టారు, ఆ పై నెలలో తొమ్మిది మంది. అందర్నీ తీసెయ్యడానికి శాఖకి అన్ని చేతులు లేవు. ఎన్నికల్లో ఎవరు గెలిచారన్నది పెద్ద కథ, గెలిచినవాళ్లు కూడా పన్ను సంగతి ఇంకా తేల్చలేదు. పిన్ని ఇప్పుడు అద్దెదార్ల సంఘం గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల బిల్లుల్లో పద్నాలుగులు ఏరుతుంది. ఉద్యోగం పోయినందుకు బాధ లేదా అని అడిగితే, అలిగిన మోకాళ్లు ఇరవై మూడేళ్ల తర్వాత మొదటిసారి తనతో మాట్లాడుతున్నాయంటుంది.

పాప తండ్రికి భయం పోలేదు. పాలసీసా ఇప్పటికీ పన్నెండు నిమిషాలే. కానీ కౌన్సిలరొచ్చినా, పన్నుల ఆఫీసరొచ్చినా, మరే పార్టీవాడొచ్చినా గేటు దగ్గర మాట్లాడటం మానేశాడు. పాపని ఎత్తుకుని మెట్లవైపు దారి చూపిస్తాడు. సంఘం గదిలో ఒకరోజు పిన్ని చెప్పిన మాటే అది:

"నీ కష్టం గుమ్మం దగ్గర చెప్పుకోకు నాయనా. కష్టాలు వినడం వాళ్లకి అలవాటే, తలూపి పోతారు. ముందు మెట్లెక్కించు. తలుపులు వాళ్లచేతే కొట్టించు. లోపల్నుంచి ఎవరూ పలకకపోవడం వాళ్ల చెవులతోనే విననీ. ఆ తర్వాత నువ్వు నోరు తెరువు."