ఆమె ప్రార్థనకు నా ఆమేన్

నా భార్య రోజూ పొద్దున ఒకే ప్రార్థన చేసేది. పక్కనే మోకాళ్లూని నేను ఆమేన్ అనేవాడిని. ఆ ఒక్క మాట ఏళ్లపాటు నా గుండె మీద బండలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా.

ఎనభైలలో మేం కోదాడలో ఉండేవాళ్లం. బస్టాండుకు దగ్గర్లో నాదొక చిన్న టైలరింగ్ షాపు, వెనక గదిలో కాపురం. పిల్లలు లేరు. నేను మిషను తొక్కుతుంటే సుగుణ కాజాలు కుట్టేది, బొత్తాలు వేసేది. ఆమెకు నత్తి. అట్లా ఇట్లా కాదు. ఒక్కో మాట దగ్గర గొంతు బిగుసుకుపోయి, కళ్లు మూసుకుని, ఆ మాట దొరికేదాకా అలాగే నిలబడిపోయేది. కిరాణా కొట్లో, దవాఖానలో, బస్సులో ఆమె తరఫున నేనే మాట్లాడేవాడిని. ఆమె నోరు తెరిచేలోపే ఏం చెప్పబోతోందో నాకు తెలిసిపోయేది. అది నాకెంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

అలాంటి మనిషి ఒకరోజు కాజా కుడుతూ కుడుతూ సూది ఆపి, నలుగురికీ వాక్యం చెప్పమని దేవుడు తనను పిలుస్తున్నాడని చెప్పింది. ఆ కాస్త చెప్పడానికే ఎంతసేపు పట్టిందో! నేను నవ్వలేదు. అప్పుడప్పుడూ మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టే సూర్యాపేట పాస్టరుగారిని కలిసి, అక్కడి స్త్రీల కూడికలో తనకు ఒక్కసారి అవకాశం ఇస్తారేమో అడిగి రమ్మంది. గుడ్డ కొనడానికి నేను ఎలాగూ సూర్యాపేట వెళ్తుండేవాడిని.

అడిగాను. నిజంగానే అడిగాను. వద్దంటారన్న ధైర్యంతో అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీ ఇంట్ల కూటం పెట్టినప్పుడు ఆమె ప్రార్థన విన్న, తమ్ముడా. పంపు. ఎంతసేపైనా ఆగుతం" అన్నారు.

తిరుగు బస్సులో ఏమనుకున్నాను? జనం నవ్వుతారు, ఆమె తట్టుకోలేదు, నేను కాపాడుకోవాలి. అదే అనుకున్నాను, లేదా అదే అనుకుంటున్నానని నమ్మాను. ఇప్పుడు తవ్వి చూసుకుంటే అడుగున ఇంకొకటి కనిపిస్తుంది. ఆమె నలుగురి ముందు తనంతట తాను మాట్లాడితే, నత్తితోనే అయినా సరే మాట్లాడితే, వాళ్లు ఆగి వింటే, ఇక నేనెందుకు? ఆమె మాట కోసం ఓపిగ్గా ఎదురుచూసే మనిషిని ఈ లోకంలో నేనొక్కడినే అయి ఉండాలనుకున్నాను. అది ప్రేమ కాదా? ప్రేమే. అందుకే ఇన్నేళ్లు దాన్ని తప్పని పిలవలేకపోయాను.

ఇంటికి రాగానే సుగుణ మంచినీళ్లు తెచ్చిచ్చింది. నా ముఖంలోకి చూసింది.

"అయ్యగారు వద్దన్నరు" అన్నాను. "నత్తి ఉన్నోళ్లు నిలబడితే కూడిక పాడయితదట."

నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. తర్వాత ఒక్కో మాటా బయటికి లాగుతూ, "పి... పిలిసినాయన ఉన్నడు గద. దా... దారి ఆయనే సూసుకుంటడు. నువ్వు పరేషాన్ గాకు" అంది.

నా ముఖం వాడిపోయిందని నన్ను ఓదార్చింది!

అంతటితో ఆగానా? మళ్లీ సూర్యాపేట వెళ్లినప్పుడు పాస్టరుగారికి ఇంకో అబద్ధం చెప్పాను. ఆమెకు భయంగా ఉంది, ఆ సంగతి ఎత్తితేనే ఏడుస్తోంది, ఇక అడగొద్దు అన్నాను. ఆయన సున్నితమైన మనిషి. మా ఇంటికి వచ్చినా ఆ ఊసు ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడాన్ని ఆమె ఇంకొక వద్దుగా తీసుకునేది. అయినా ఆయన వస్తున్నారంటే చాలు, ఇల్లలికి, చేపల పులుసు వండి, కొసరి కొసరి వడ్డించేది.

ఆ ప్రార్థన అప్పుడే మొదలైంది. "ప్రభువా, అయ్యగారి మనసు మెత్తగ చెయ్యి. అడ్డం ఉన్నది తియ్యి." అడ్డం ఉన్నది ఆమె పక్కనే మోకాళ్ల మీద ఉంది. ఆమేన్ అంటోంది.

తొంభైలలో షాపు నడవక మిర్యాలగూడ వచ్చేశాం. రైసు మిల్లుల దగ్గర కిరాయికి ఒక గది తీసుకున్నాం. ఒక మధ్యాహ్నం దారాలు కొనుక్కుని వస్తుంటే లోపలి నుంచి సుగుణ గొంతు వినిపించింది. గడప బయటే ఆగిపోయాను. మిల్లులో వడ్లు ఎండబోసే ఒకామె, కుట్టిన జాకెట్టు తీసుకెళ్లడానికి వచ్చి, ఏడుస్తూ కూర్చుంది. మొగుడు తననూ పిల్లలనూ వదిలేసి దామరచర్ల వైపు వెళ్లిపోయాడట. నేను ఇంట్లో లేను. సుగుణ తరఫున మాట్లాడేవాళ్లు లేరు. అందుకని సుగుణే మాట్లాడుతోంది. బైబిల్లో, బిడ్డతో సహా ఎడారిలోకి వెళ్లగొట్టబడిన హాగరు కథ చెబుతోంది. దేవుడు ఆమెను చూశాడు అనే చోట గొంతు పట్టేసింది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది, అందించబోయాను. ఆ మిల్లు ఆమె మాత్రం కళ్లు తుడుచుకుని, సుగుణ పెదవులనే చూస్తూ తొందరేమీ లేనట్టు కూర్చుంది.

మాట వచ్చింది. నేను లేకుండానే వచ్చింది.

ఆ ఎండలో నిలబడి సిగ్గుపడ్డాను. పొంగిపోయాను కూడా. రెండూ ఒకేసారి ఎలా అని అడగకండి.

తర్వాత ఆ మిల్లు ఆమె తన తోటివాళ్లను తీసుకొచ్చింది. కొన్నాళ్లకు అన్నాల వేళ మిల్లు గోడ నీడలో సుగుణ చుట్టూ ఆడవాళ్లు చేరడం మొదలైంది. నేను ఆపలేదు. నేను చేసిన మంచి అంతే.

ఆ సంగతి పాకి, మిర్యాలగూడ స్త్రీల కూడికలో మాట్లాడమని ఆమెను పిలిచారు. ఆ రోజు సూర్యాపేట పాస్టరుగారూ వచ్చారు. బాగా ముసలివారైపోయారు. ఆమె మాట్లాడినంతసేపూ కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. అయిపోయాక నా భుజం మీద చెయ్యివేసి, "ఆమె భయం పోగొట్టింది నువ్వే గద తమ్ముడా" అన్నారు.

దారిలో సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "సూసినవా, అయ్యగారి మనసు దే... దేవుడు మార్చిండు" అంది.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. ఆమె సంతోషం పాడవుతుందని ఊరుకున్నాను. మళ్లీ అదే సాకు. మళ్లీ కాపాడడమే.

పాస్టరుగారు పోయారు. తను అనని మాటకు సుగుణ మనసులో ఎప్పుడో క్షమాపణ పొందిన మనిషిగా పోయారు. దేవుడు నన్ను దాటి ఆమెకు దారి చేశాడు, నిజమే. కానీ దాని వెనక దాక్కోలేను. కోదాడలో ఆమె మాట్లాడకుండా పోయిన ఏళ్లు నేను మింగినవి. వాటిని ఏం చేసినా తిరిగి ఇవ్వలేను.

ఇవాళ నేరేడుచర్లలో ఆడవాళ్లు పిలిస్తే సుగుణ వెళ్లింది. సాయంత్రానికి అలిసిపోయి వస్తుంది. ఈలోపు అన్నం వండి, పప్పు చేసి పెట్టాలి. తింటున్నప్పుడు చెబుతానా? చెబితే ఆమె ఏమంటుంది? ఆమె నోటి మాట అందరికంటే ముందు నాకే తెలుసని మురిసిపోయినవాడిని, ఈ ఒక్కదానికి జవాబు ఊహించలేకపోతున్నాను.

ఇంతకాలం ఈ సంగతి దేవుడికి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.