వాన మీద వేసిన నింద

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఇక నావల్ల కాదు. చెబితే మీకు చిన్న విషయమే అనిపించవచ్చు. ఒక ముసలాయన గొర్రెల్ని పస్తు పెట్టి, ఆ తప్పు వాన మీదికి నెట్టాను.

చదువు కోసం వచ్చిన ఈ చలిదేశంలో, అత్లోన్ అనే ఊరి బయట ఆయన ఇంట్లోనే అద్దెకుండేవాణ్ణి. పేరు టామ్ అనుకోండి. చలికాలంలో ఆపరేషన్‌కి వెళ్తూ నలభై గొర్రెల్ని నాకు అప్పగించాడు. రోజూ ఇంత దాణా, ఇంత ఎండుగడ్డి, అంతే పని. మా తాతలు గొర్రెల కాపరులనీ, గొంగళ్లు నేసేవాళ్లనీ నేనే ఆయన దగ్గర గొప్పలు పోయాను. పైగా వాతావరణం, మేత ఉన్నిని ఎలా మారుస్తాయన్నదే యూనివర్సిటీలో నా చదువు. ఖర్మ!

ఒక్క రోజని క్లోనీ అనే ఊళ్లో మిత్రుడి గృహప్రవేశానికి వెళ్లాను. పది రోజులు ఉండిపోయాను. బయల్దేరినప్పుడల్లా వాడు అడ్డం.

"గీ వానల ఏడికి పోతవ్ రా? రేపు పోదువు తీ."

వాడు ఆపాడు సరే, ఆగింది నేనే కదా? పొలమంతా పచ్చగా ఉందిలే అనుకున్నాను. పచ్చిక కనిపిస్తే చాలు, గొర్రె కడుపు నిండినట్టే మా ఎండల ఊళ్లో. ఇక్కడి చలికాలపు గడ్డిలో నీళ్లే తప్ప బలముండదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది ఎవరు? నేనే. తెలియక కాదు, బద్ధకం.

జూన్‌లో ఉన్ని కత్తిరించారు. గొర్రె పస్తున్న రోజుల్లో పెరిగిన ఉన్ని సన్నబడిపోతుంది, ఆ సన్నదనం ఎక్కడికీ పోదు. టామ్ ఒక పాయ తీసి రెండు కొసలూ పట్టి లాగాడు. మధ్యలో పుటుక్కున తెగింది. ఇంకో గొర్రెది లాగాడు. అదీ సరిగ్గా అక్కడే.

"వాన దెబ్బేనంటావా?" అని అడిగాడు.

"అలాగే ఉంది," అన్నాను.

"కొట్టంలో కట్టేద్దామని నువ్వు ముందే అన్నావు. తట్టుకుంటాయని నేనే మొండికేశాను. ఇక నాకు గొర్రెల సంగతి తెలియదులే."

ఈ దేశంలో దేనికైనా వానను తిట్టొచ్చు, సాక్ష్యం ఎవరూ అడగరు. కానీ ఆయన వానను తిట్టలేదు, తనను తాను తిట్టుకున్నాడు. మళ్లీ చలి రాకముందే గొర్రెల మందంతా అమ్మేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ గొర్రెల మధ్య బతికిన మనిషి. ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాడు. ఎందుకు చెప్పలేదు? గొర్రెల కాపరి మనవడినన్న పరువు పోతుందనా? ఆ వెధవ పరువుతో ఇన్నేళ్లూ ఏం చేసుకున్నాను?

పోయిన వారం సూపర్‌మార్కెట్ ముందు కనిపించాడు. ఎలా ఉన్నావంటే గ్రాండ్ అన్నాడు, ఇక్కడివాళ్ల మాటలో బాగున్నానని. గ్రాండ్ అట, నా తలకాయ! పట్టపగలు, చేసేందుకు పనేమీ లేక, ఊరికే నిలబడి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, అప్పుడు నీ మాట వినలేదు, మన్నించు అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా.

పోనీలే అన్నాను.

మన్నించాను. నేను, ఆయన్ని. ఇదిగో, రాసేశాను.