ముందేది, వెనకేది?

మొన్న గోడలకు రంగులు వేయిస్తుంటే పాత పటం ఒకటి కిందపడి, ఒకవైపు అద్దం పగిలింది. తార్నాకలో పటాలు కట్టే దుకాణానికి తీసుకెళ్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీనికి ముందేది, ఎనకేది?" అన్నాడు. ఒకప్పుడు మా ఇంట్లో యుద్ధం నడిపిన ప్రశ్న అది.

చిన్నాయన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పత్రికల గది చూసేవాడు. జిగురు తగిలితే పురుగు పడుతుందని, ఎండ తగిలితే కాగితం అప్పడమవుతుందని అన్నం తింటూ కూడా పాఠం చెప్పేవాడు. మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టిన వార్త వచ్చిన రోజు పేపరును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పటం కట్టిస్తానన్నాడు. అప్పట్లో మన ఇళ్ళలో పటమెక్కే అర్హత ఇద్దరికే ఉండేది: దేవుళ్ళకూ, చచ్చినవాళ్ళకూ. చంద్రుణ్ణి దేవుడిగా కాక ఉత్త రాళ్ళూ దుమ్మూగా గోడకెక్కిస్తాడంటే నాకు ఒళ్ళు పులకరించింది.

చిక్కు వెనక పేజీతో వచ్చింది. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం గొడవల్లో పరీక్షలన్నీ వెనకబడి, మెట్రిక్ ఫలితాలు సరిగ్గా ఆ కాగితం వెనకే పడ్డాయి. ముప్పై దాటాక, పొయ్యి ముందు కూర్చుని చదివి, ప్రైవేటుగా పరీక్ష రాసిన మా చిన్నమ్మ నెంబరు అందులో ఉంది. చిన్నాయన పేపరు దాచేలోపే ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టింది. కాగితాన్ని అట్టకు ఆనించి పటం కడితే ఆ నెంబరు ఇక ఎవరికీ కనపడదు.

"నా నెంబరు గోడదిక్కు పెడ్తరా?" అంది చిన్నమ్మ. అంతే అంది.

నాయనమ్మ అందుకుంది. "బతికున్నదానికి పటమేందిరా, అరిష్టం! గిన్నేండ్లకు పాసైందని డప్పు గొట్టాల్నా?"

"కొడ్తనే అమ్మా," అన్నాడు చిన్నాయన. "చంద్రుని మీదికి పోయినోనికి ఎనక ఎంతమంది ఉన్నరో! దీనికెవరున్నరు? పుస్తకం పట్టుకుంటే లైటు బంద్ చేసినోళ్లం, నువ్వూ నేనే గద!"

పటం వచ్చింది. అట్ట లేదు, రెండువైపులా అద్దమే. ముందుగదికీ వంటింటికీ మధ్య, ఎండ తగలని కిటికీలో బిగించాడు. పొగకు మసకబారుతుందని తెలిసీ చంద్రుణ్ణి వంటింటివైపు తిప్పాడు. అతిథులు కూర్చునేవైపు అంకెల బారులు, వాటి నడుమ ఎర్ర సున్నా. ఎవరైనా "గీ లెక్కలేంది?" అనడిగితే, తాను చెప్పకుండా, చిన్నమ్మను పిలిచి "నువ్వే చెప్పు" అనేవాడు. మొదట్లో గొణిగిన చిన్నమ్మ, పోను పోను కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పేది. హేతువాదం మీద పెద్దయ్యాక నేను దంచిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ కిటికీ చేసిన పని చేయలేదు.

నాయనమ్మ ప్రతి శుక్రవారం చంద్రుడికి బొట్టు పెట్టేది, శనివారం చిన్నాయన తుడిచేవాడు. ఇద్దరూ చివరిదాకా తగ్గలేదు. కానీ ఒకసారి, చిన్నమ్మ ఇంట్లో లేనప్పుడు, ఎవరో చుట్టానికి నాయనమ్మే చూపిస్తుండగా విన్నాను: "గా ఎర్ర సున్నల ఉన్నది మా కోడలే."

"ఎర్ర సున్నా ఉన్నదే ముందు" అన్నాను దుకాణదారుతో. మొదటి పేజీలో ఏది పడాలో పత్రికవాళ్ళు ఒక్క పూటలో తేల్చేస్తారు. నిజంగా ఏది ముందో తేల్చడానికి కాలానికి మాత్రం ఒక జీవితకాలం పడుతుంది.