నీళ్ళ కొట్లాటకు దేవుడి పేరు: మొయినాబాద్ దాటి ఒక పూట ప్రయాణం

మా మనుమరాలు లావణ్య గచ్చిబౌలిలో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. శనివారం శనివారం ముడిమ్యాలకు వచ్చి, నేను కాగితం మీద రాసిచ్చింది తన బ్లాగులో కొట్టి పెడుతుంది. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే తనే దిద్దుతుంది. పోయిన శనివారం టీవీలో ఏదో ఊళ్ళో రెండు మతాల వాళ్ళు రాళ్ళు రువ్వుకుంటున్నది చూసి, "మతం లేకుంటే మనిషి మనిషిని కొట్టడు నానమ్మా, అందరి ఏడుపుకూ అదే కారణం" అన్నది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చెయ్యి ఆగిపోయింది. నేను పుట్టిన పల్లెలో ఇరవై ఏళ్ళ కింద అలాంటి కొట్లాటే జరిగింది. అది ఎందుకు జరిగిందో తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. ఆ కొట్లాటలో చెయ్యి విరిగిన ఖాసింకు ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదని విన్నాను. నాకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఆ మాట చెప్పకుండానే మిగిలిపోతుంది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. మంగళవారం బయలుదేరాను.

ముడిమ్యాలలో ఏడున్నరకు చేవెళ్ళ ఆటో ఎక్కాను, ఆరు రూపాయలు. చేవెళ్ళలో నగరం వైపు వెళ్ళే బస్సు దొరికింది. మొయినాబాద్‌కు తొమ్మిది రూపాయలు, నలభై నిమిషాలు. కిటికీ పక్కన కూర్చున్నా కళ్ళు సంచి మీదే ఉన్నాయి. ఇంట్లో గ్యాస్ కట్టేశానా, బర్రెకు నీళ్ళు పెట్టారా, ఖాసిం ఇంట్లో ఉంటాడా, ఉంటే తలుపు తీస్తాడా, ఇదే ఆలోచన. తల ఎత్తినప్పుడల్లా జొన్నచేలు ఉండాల్సిన చోట రంగుల బోర్డులు, రాళ్ళు పాతిన ప్లాట్లు, ఫామ్‌హౌస్ గోడలు. మొయినాబాద్‌లో దిగితే ఆటోలన్నీ చిల్కూరు గుడికే. మా పల్లె సురంగల్ దాటి రెండు కిలోమీటర్లు. అటు వచ్చే ఆటోను విడిగా మాట్లాడుకోవాలి. అరవై అడిగితే యాభైకి ఒప్పుకున్నాడు.

"గుడికి గాకుంటే జాగ అమ్మనీకే పోతున్నవా అవ్వా? గా తొవ్వల ఇప్పుడు కొనేటోల్లు, అమ్మేటోల్లే పోతున్నరు" అన్నాడు డ్రైవర్.

"నాకు జాగ లేదు బిడ్డా. నీ బ్రేకులు మంచిగున్నయా?"

"బ్రేకులు మంచిగనే ఉన్నయ్. నువ్వు జర నా భుజం ఇడువు."

చదివేవారికి ఆ కొట్లాట సంగతి ఇక్కడే చెప్పాలి. మా పల్లెలో పీర్ల పండుగ తురకలది మాత్రమే కాదు, అందరిదీ. పీర్లంటే కర్రలకు కట్టి, రంగుబట్టలు చుట్టి, పది రోజులు నిలబెట్టే వెండి పంజాలు. వాటిని చూసుకునే ముజావర్ ఖాసిం. పదో రోజు పెద్ద పీరును నిప్పుల గుండం చుట్టూ ఎత్తుకొని తిరిగేది మా తమ్ముడు యాదయ్య. మా తాత కాలం నుంచి అది మా ఇంటి హక్కు. ఖాసిం పీరును అతని చేతికి ఇవ్వాలి, అతను ఎత్తాలి. ఈ ఇద్దరికీ పొలం దగ్గర పొత్తుల బావి కూడా ఉండేది, ఒక రోజు ఒకరికి, మరుసటి రోజు ఇంకొకరికి నీళ్ళ వంతు.

ఆ ఏడు వానలు మొండికేశాయి. నేను పండుగకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఖాసిం పది రోజులూ పీర్ల దగ్గరే ఉంటాడు, పొలం వైపు రాడు. తెల్లవారుజామున కరెంటు రాగానే తమ్ముడు మోటరు వేశాడు, నేను పారతో మడవ తిప్పి, ఖాసిం పొలానికి పోవాల్సిన నీళ్ళు మా మడిలోకి మళ్ళించాను. ఒక్క రోజని మొదలుపెట్టి నాలుగు వంతులు అలాగే చేశాం. అతని వరి పండుబారింది. పదో రోజు గుండం దగ్గర తమ్ముడు చేతులు చాపితే, "నీ చేతికియ్య" అన్నాడు ఖాసిం. చుట్టూ ఉన్నవాళ్ళకు నీళ్ళ సంగతి తెలియదు. తురకాయన హిందువుకు పీరు ఇవ్వనన్నాడనే అనుకున్నారు. కట్టెలు లేచాయి. ఖాసిం ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగి, మళ్ళీ మడత పడలేదు. తరువాత పెద్దమనుషులు ఆడవాళ్ళనూ పిలిచి అడిగారు. నీళ్ళ గొడవ అని చెబితే తప్పు మా తమ్ముడి మీద పడుతుంది, నా మీద పడుతుంది. మతమంటే ఎవరి మీదా పడదు. "నాకేం తెల్వదు" అన్నాను. ఆ ఏటి నుంచి పీర్లు లేవలేదు. తమ్ముడు మూడేళ్ళ కింద జబ్బు చేసి పోయాడు.

తొమ్మిదిన్నరకు ఖాసిం ఇంటి ముందు దిగాను. అతను మంచంలో కూర్చొని ఉన్నాడు, ఎడమ చెయ్యి కర్రలా చాపి ఉంది. అతని భార్య హుస్సేన్‌బీ వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతున్నది.

"అక్కా, తొవ్వ తప్పినవా ఏంది?" అన్నాడు ఖాసిం.

"తప్పలే తమ్మీ, నీ కోసమే వచ్చిన." కూర్చోకుండానే చెప్పాను, కూర్చుంటే ధైర్యం పోతుందని. "నీ నీళ్ళు మల్పింది మేమే. మడవ తిప్పింది నేనే. అడిగినప్పుడు తెల్వదన్న."

అతను నన్ను చూసి నవ్వాడు. "నాకెరికే అక్కా. ఓ రోజు పొద్దుగాల పొలం కాడికి పోయిన. బురదల కాలి గుర్తులున్నయ్. యాదయ్య కాలు గంత చిన్నగుంటదా?"

"మరి ఎందుకు చెప్పలే?"

"ఏం చెప్తా? పీరును పట్టుకోని నీళ్ళ పగ తీర్చుకున్నడంటే ముజావర్ మొఖాన ఉమ్ముతరు. మతం కోసం అడ్డంబడ్డడని మావోల్లు నా భుజం తట్టిన్రు. గదే బాగున్నదని ఊకున్న. పోనియ్ అక్కా, అయిపోయింది. యాదయ్య కూడ పాయె."

నా గుండె బరువు అంతా దిగింది. చాయ్ పెట్టమని అతను భార్యకు చెప్పాడు. ఆమె పొయ్యి వైపు పోలేదు. మిరపకాయల చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"ఇద్దరికి ఎరికేనా? ఈ ఇంట్ల నాకొక్కదానికే ఎరికలేదా?" అన్నది. "మతం కొట్లాటని భయపడి మా అన్న ఇల్లమ్ముకోని పాయె. నా పిల్లలు గా తొవ్వల తలకాయ దించుకోని బడికి పోయిన్రు. ఒక్క పెండ్లికి పిలుపు లేదు. మీరిద్దరు మాఫీ చేసుకున్నరు, మంచిగున్నది. ఊరి మాటనో?"

"ఏం చెయ్యమంటవు చెల్లె?"

"గీడ చెప్తే ఏమొస్తది? హోటల్ కాడ చెప్పు, పది మందిల."

ఆ చాయ్ హోటల్ దగ్గర పొద్దున మా తమ్ముడి కొడుకు శ్రీశైలం ఉంటాడు. చనిపోయిన తండ్రిని అందరి ముందు దొంగ చేస్తే నా పుట్టింటి తలుపు నాకు మూసుకుంటుంది. అటువైపు నాకు మిగిలింది ఆ ఒక్క గడప. హుస్సేన్‌బీ అప్పటికే చెప్పులు వేసుకుంది. ఆమె వెనుక నడిచాను.

హోటల్ బల్లల మీద ఏడెనిమిది మంది ఉన్నారు, సగం మంది జాగల రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఖాసిం ఇంట్లో చెప్పిందే మళ్ళీ చెప్పాను.

శ్రీశైలం చాయ్ గ్లాసు ఠక్కున పెట్టాడు. "అత్తా, దయ్యం పట్టిందా నీకు? సచ్చిన మా బాపును బజార్ల నిలబెడ్తవా?"

"మీ బాపు ఒక్కడే కాదు బిడ్డా, పార వట్టింది నేను."

మూలన కూర్చున్న బాల్‌రాజ్, నా ఈడు మనిషి, నేల చూస్తూ అన్నాడు: "ఖాసిం చెయ్యి మీద పడ్డ కట్టె నాది. నాకు గా బాయి కింద గుంటెడు జాగ లేదు. మనోన్ని అడ్డుకున్నరని ఎవడో ఒర్లిండు, లేపిన. నీళ్ళ పంచాయితని తెలిస్తే నేను గీడనే కూసోని చాయ్ తాగుదును."

"గిప్పుడు తెలిసింది గదా, నా మొగుని చెయ్యి లేపు మరి" అన్నది హుస్సేన్‌బీ. ఆమె శ్రీశైలం వైపు తిరిగి, "మీ అత్తకు నీళ్ళు తాగిపిచ్చి బస్సెక్కియ్యి, మొఖం సూడు ఎట్లయిందో" అని ఇంటికి వెళ్ళిపోయింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

శ్రీశైలం బండి తీశాడు. మొయినాబాద్ బస్టాండులో దించి, "ఇంకేమన్న దాసిపెట్టినవా అత్తా?" అని అడిగాడు. లేదన్నాను. "సరే ఎక్కు" అన్నాడు. ఇంటికి రమ్మనలేదు. వద్దనీ అనలేదు. పన్నెండున్నర బస్సులో కూర్చొని చేవెళ్ళ దాకా ఏడ్చాను, కండక్టర్ చిల్లర రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

లావణ్య అడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను. నీళ్ళు దొంగిలించమని మాకు ఏ దేవుడూ చెప్పలేదు. ఆశ మాది, కోపం ఖాసింది. తప్పు చేసినవాళ్ళం దాక్కోవడానికి మాత్రం మతం మంచి చాటు అయింది, అటు అతనికీ ఇటు నాకూ. అలాగని మతానికి ఏ పాపమూ లేదని అనలేను. బాల్‌రాజ్‌కు ఆ బావితో పనే లేదు. ఇద్దరి తగాదాను ఊరందరిదీ చేసింది మనోన్ని అడ్డుకున్నరన్న ఆ కేకే. ఏటేటా ఖాసిం చేతుల్లోంచి పీరు మా తమ్ముడి చేతుల్లోకి వచ్చింది కూడా ఆ నమ్మకంతోనే కదా. మనిషి అందులోంచి ఏది తీసుకుంటాడో అదే వస్తుందేమో, నాకు తెలియదు. హుస్సేన్‌బీ నన్ను క్షమించలేదు. ఆమె క్షమించాలని అడిగే హక్కు నాకు ఉందో లేదో అని ఇప్పుడు కొత్త దిగులు పట్టుకుంది.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. సురంగల్ అవతలి పల్లెలకు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం తరువాత ఆటోలు దొరకవు. కానీ మీరు వెళ్ళేది ఎవరి ముందైనా తప్పు ఒప్పుకోవడానికైతే, గంటకల్లా రమ్మని తిరుగు ఆటో ముందే మాట్లాడుకోకండి. నేను అలా చేసి ఉంటే, ఖాసిం పోనియ్యమన్న దగ్గరే ఆగి, చాయ్ తాగి, సంతోషంగా ఇంటికి వచ్చేసేదాన్ని.