కుంకుమ అంటిన గుడ్డ

నా బిడ్డ పోయింది. జమ్మలమడుగు పక్కన బడిలో సైన్సు టీచరు. జ్వరమని పడుకుంది, మళ్లీ లేవలేదు. మీ పిల్లలు చాలామంది ఆమె దగ్గర చదివినవాళ్లే, అందుకని మీకు రాస్తున్నాను. నా చదువు తక్కువ. తప్పులుంటే సర్దుకోండి.

బడిలో సంతాప సభ పెట్టి ప్రొద్దుటూరు నుంచి నన్ను పిలిపించారు. నా బిడ్డ ఫోటో పక్కనే సైన్సు పాఠాలు బొమ్మల్లో చూపించే కళ్లజోళ్లు పెట్టి, వాటికీ దండ వేశారు. హెడ్మాస్టరు నా బిడ్డనూ వాటినీ కలిపి పొగుడుతుంటే నాకు రోత పుట్టింది. ఆ కళ్లజోళ్లు బీరువా దాటకుండా కాపాడడమే ఆయన చేసిన ఘనకార్యం. "పగిలితే ఎవురమ్మా జవాబు చెప్పేది?" అని నా బిడ్డ నోరు మూయించేవాడు.

వాటిని తలకు తగిలించుకుంటే మన గది మనకు కనిపిస్తూనే, బల్ల మీద గాల్లో గుండె బొమ్మ కొట్టుకుంటుంది. చుట్టూ తిరిగి చూడొచ్చు. గదిని చూపించేవి ముందువైపున్న చిన్న కెమెరాలు. పోయిన దసరాకు ఆయుధపూజ అని హెడ్మాస్టరు సరిగ్గా ఆ కెమెరాలకే కుంకుమ మెత్తించాడు. సెలవులయ్యాక ఒక అధికారి వచ్చి పెట్టుకున్నాడు. అంతా ఎర్రటి మసక. అయినా తనకు తెలియదని చెప్పుకోవడానికి ఆ అధికారికి నామోషీ.

ఆ సాయంత్రం నా బిడ్డ ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఆ ఆఫీసరు ఏమన్న్యాడో తెల్సునామా? రక్తం శానా బాగా కనపడతాంది అన్న్యాడు. మా సారు చప్పట్లు కొట్న్యాడు."

"నువ్వు చెప్పల్యా?"

"చెప్తే మళ్లా బీరువాలో పెడ్తారు. ఆఫీసరే బాగుందన్న్యాడు గదా, ఇంగ పిల్లోళ్లకు ఇయ్యండి అని తీసుకున్న్యా. మెత్తని గుడ్డ ఇయ్యిమా. చూసే కండ్లను తుడవాల, మొక్కకూడదు."

నా పాత నూలు చీర చించి ఇచ్చాను. అప్పటినుంచి ప్రతి పాఠానికీ ముందు తనే తుడిచేది. ఒకసారి నన్నూ తీసుకుపోయి చూపించింది. గుండె కింద నేను దోసిలి పట్టాను. పిల్లలు నవ్వారు.

సభలో ఫోటోకు బొట్టు పెట్టిన చేత్తోనే కళ్లజోళ్లకూ మళ్లీ పెట్టారు. నా కళ్ల ముందే బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పిల్లోళ్లకు ఇయ్యండి సార్" అన్నాను హెడ్మాస్టరుతో.

"చూద్దాంలేమా" అన్నాడు. ఆయన చూసేది ఏమిటో నాకు తెలుసు. మీరు పోయి అడగండి.

నా బిడ్డ సంచిలో ఆ గుడ్డ దొరికింది. ఎంత ఉతికినా ఎరుపు పోలేదు. దండెం మీద ఆరేశాను. ఆరింది, మెత్తగానే ఉంది.